ఆమె అనని మాట

రెండువేల ఎనిమిదిలో నేను మస్కట్ శివార్లలో, మబేలా వైపు ఒక హెల్త్ సెంటర్‌లో నర్సుగా పనిచేసేదాన్ని. మా వారు రుసైల్‌లో ఒక పైపుల ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరు. అల్ ఖువైర్‌లో, పెద్ద పెద్ద ఆఫీసుల వెనక వీధిలో, మూడో అంతస్తులో ఒక చిన్న ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. పిల్లలు లేరు. పొద్దున్నే ఆయన కంపెనీ బస్సెక్కి ఫ్యాక్టరీకి, నేను ఇంకో ఇద్దరు సిస్టర్లతో కలిసి టాక్సీలో డ్యూటీకి. శుక్రవారం చర్చి, చర్చి అయ్యాక ఎవరో ఒకరింట్లో భోజనం. చాలా ఏళ్ళు అలాగే గడిచిపోయాయి.

ఆయనకు యాభై దాటీ దాటకముందే మతిమరుపు మొదలైంది. నర్సుని కాబట్టి ముందు నేనే గుర్తుపట్టాలి. గుర్తుపట్టకపోగా విసుక్కున్నాను. పైపుల జాయింట్లలో వేసే రబ్బరు వాషర్లు ఆయన టిఫిన్ బాక్సులో దొరుకుతుండేవి.

"ఏంటండీ ఇవి? స్టోర్ సామాను ఇంటికి తెస్తే దొంగతనం అంటారు, తెలుసా?" అని కసిరాను ఒకసారి.

ఆయన వాటిని అరచేతిలో పోసుకుని చూస్తూ, "ఏ అరలోవో గుర్తు రాలేదు. ఇంటికొచ్చాక గుర్తొస్తుందేమోనని తెచ్చా" అన్నారు.

ఏ బోల్టు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పే మనిషి ఆయన. ఆ జవాబు విన్నాకైనా నాకు భయం వేయాలి. వేయలేదు. వాషర్లు చెత్తబుట్టలో పారేసి గిన్నెలు తోముకున్నాను. ఆ రోజు ఆయన నవ్వేసి ఊరుకున్నారనే గుర్తు. కానీ ఇప్పుడు తలుచుకుంటే, ఆయన నవ్వారా, లేక నేను అలా అనుకుంటే నాకు తేలిగ్గా ఉంటుందని అనుకుంటున్నానా అన్నది చెప్పలేను.

ఆ ఏడు సెలవుకి వెళ్ళినప్పుడు విజయవాడలో చూపించాం. స్కాన్ ఫిల్ములు చూసి డాక్టరు డిమెన్షియా అన్నాడు. చిన్న వయసులో కూడా వస్తుందన్నాడు. నాకు ఆ పేరు తెలుసు, పాఠంలో చదువుకున్నదే. తిరిగొచ్చాక కంపెనీకి మాత్రం నడుం నొప్పి అని చెప్పి ఆయన చేత లాంగ్ లీవ్ పెట్టించాను. జబ్బు సంగతి తెలిస్తే వీసా రద్దు చేసి పంపించేస్తారని నా భయం. చర్చిలో వాళ్ళకీ నడుం నొప్పే. మా హెల్త్ సెంటర్‌లో వాళ్ళకీ నడుం నొప్పే. అబద్ధాన్ని అంత మందికి చెప్పాక అది నాకే నిజంలా అనిపించి, ఒకసారి ఆయన నడుముకి రాసే మందు కూడా కొన్నాను.

లీవు పెట్టాక కూడా ఆయన పొద్దున్నే కంపెనీ చొక్కా వేసుకుని బస్సు కోసం బయలుదేరేవారు. ఒక రోజు నేను డ్యూటీలో ఉండగా అలాగే వెళ్ళిపోయారు. బస్సు రాకపోయేసరికి రుసైల్ దిక్కుగా రోడ్డు పక్కన నడక మొదలుపెట్టారట. ఎండలో సొమ్మసిల్లి కూర్చుంటే ఒక టాక్సీ డ్రైవరు ఆపి నీళ్ళు తాగించి, జేబులో ఉన్న కార్డు చూసి నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్ళేసరికి ముఖమంతా కమిలిపోయి ఉంది. "డ్యూటీకి లేటయింది" అన్నారు నన్ను చూసి.

ఆ మర్నాటి నుంచి ఫ్లాట్‌కి బయట తాళం వేసి డ్యూటీకి వెళ్ళడం మొదలుపెట్టాను. గ్యాస్ సిలిండర్ మీది రెగ్యులేటర్ కూడా పీకి హ్యాండ్‌బ్యాగులో వేసుకునేదాన్ని. లోపల మనిషిని ఉంచి తాళం వేస్తే ఏమేం జరగొచ్చో నాకు తెలియనిది కాదు. హాస్పిటల్లో మంటలు లేస్తే ఏం చేయాలని మాకు ఏటా నేర్పిస్తారు. అన్నీ తెలిసే వేశాను. తాళం తిప్పుతుంటే లోపలి నుంచి ఆయన గొంతు వినిపించేది, "పడిందో లేదో ఒకసారి లాగి చూడు" అని. స్టోర్ మూసేటప్పుడు ఆయన రోజూ చేసే పని అది. నేను లాగి చూసి, "పడిందండీ" అని చెప్పి మెట్లు దిగేదాన్ని.

మా హెల్త్ సెంటర్‌లో ఒక ఒమానీ డాక్టరమ్మ ఉండేది. మనిషి నెమ్మది, కానీ పట్టిన పట్టు విడవదు. ఊళ్ళో ఇలాంటి జబ్బుతో ఉన్న పెద్దవాళ్ళు చాలామంది ఇళ్ళల్లోనే ఉండిపోతున్నారని, వాళ్ళని చూసుకునేవాళ్ళకి ఏ సాయం కావాలో మనం ఎప్పుడూ అడగలేదని ఆమెకు బాధ. అడిగి, ఆ మాటలన్నీ పై అధికారుల దగ్గరికి తీసుకెళ్తానంది. అప్పట్లో అక్కడ వారాంతపు సెలవు గురు, శుక్రవారాలు. పేషెంట్లు ఉండరని ఒక గురువారం పొద్దున వెయిటింగ్ హాల్లో సమావేశం పెట్టింది. రమ్మని ఇళ్ళకి కబురు పంపేటప్పుడు ఒక మాట గట్టిగా చెప్పించింది, "ఇంట్లో నిజంగా ఎవరు చూసుకుంటున్నారో వాళ్ళని కూడా తీసుకురండి" అని. చాలా ఇళ్ళల్లో ఆ పని పనమ్మాయిలదే. వాళ్ళల్లో మన కడప, గోదావరి జిల్లాల వాళ్ళున్నారు. అందుకని తెలుగు నుంచి ఇంగ్లీషులోకి చెప్పడానికి నన్ను రమ్మంది.

"మీ వారికి నడుం నొప్పి కదా, సెలవు రోజు కూడా నిన్ను రమ్మంటున్నాను" అని నొచ్చుకుంది కూడా. పరవాలేదు డాక్టర్ అన్నాను. ఆ రోజు కూడా తాళం వేసే వచ్చాను.

ఇరవై మంది దాకా వచ్చుంటారు. కుర్చీలు గుండ్రంగా వేశాం. మధ్యలో ఖర్జూరాలు, కాఫీ. ముందు ఇంటివాళ్ళు మాట్లాడారు. తండ్రి తనని తమ్ముడనుకుంటున్నాడని ఒకాయన, తల్లి స్నానం చేయనివ్వడం లేదని ఒకావిడ. మాట్లాడిన ప్రతివాళ్ళూ చివర్లో, "మేము ఇంకా బాగా చూసుకోవాల్సింది" అనే అర్థం వచ్చే మాట ఏదో ఒకటి అన్నారు. నేను లేచి అందరికీ కాఫీ పోశాను.

తర్వాత ఒక టీచరుగారు లేచింది. ఇంగ్లీషు చెప్పే టీచరు. పక్కన వాళ్ళ అమ్మ, ముడతలు పడ్డ చిన్న ముఖం, చేతులకు ఎర్రగా గోరింటాకు. ముసలావిడకి అటు పక్కన మన కడప అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయి, ముసలావిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. "నేను స్కూలుకి వెళ్ళాక అమ్మని చూసుకునేది ఈమే. ఈమెని అడగండి" అంది టీచరు.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. తెలుగు మాట విని ముఖం విప్పారింది.

"ఏం జెప్పాలక్కా? హబ్బూబా మంచిదే. నన్నేం అనదు. పొద్దుగూకితే మాత్రం ఇంటికి పోతానంటాది. ఇదే గదా మన ఇల్లు అంటే ఇనదు. తలుపు కాడికే పోతాది. అందుకని నేను తలుపుకడ్డంగా పరుపేసుకోని పండుకుంటా. పోవాలంటే నన్ను దాటుకోనే పోవాల గదా. నిద్ర సాలదు, అంతే."

హబ్బూబా అంటే అక్కడ నాయనమ్మ, అమ్మమ్మలను పిలిచే పిలుపు. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. సాయంత్రమైతే ఇంటికి వెళ్తానంటుంది అని చెప్పాను. తలుపు దగ్గరికి వెళ్తుంది అని చెప్పాను. తలుపు అన్న మాట దగ్గర నాకేమైందో తెలియదు. ఆ అమ్మాయి చెప్పింది అయిపోయింది, నా నోరు మాత్రం ఆగలేదు. "అందుకని బయట తాళం వేసి వెళ్తాను. వేస్తున్నంతసేపూ సిగ్గుగా ఉంటుంది. మంట లేస్తే, పడిపోతే, ఎవరు చూస్తారు? అయినా వేస్తాను. లోపలి నుంచి ఆయన, తాళం పడిందో లేదో లాగి చూడమంటాడు. నేను లాగి చూసి వెళ్ళిపోతాను" అన్నాను.

నాకు నా గొంతు అప్పుడు వినిపించింది.

టీచరు ముఖం తెల్లబోయింది. గభాలున పనమ్మాయి వైపు తిరిగి అరబ్బీలో, "మా అమ్మని లోపల పెట్టి తాళం వేస్తున్నావా? వేసి ఎక్కడికి వెళ్తున్నావు?" అని అడిగింది. ఆ అమ్మాయికి అరబ్బీ ఆ మాత్రం తెలుసు. ముసలావిడ చెయ్యి వదిలేసి లేచి నిలబడింది.

"లా మామా, లా!" అని, లేదమ్మగారూ లేదని అరబ్బీలో అంటూ, తల అడ్డంగా ఊపుతూ నా వైపు చూసింది. "నేను తాళమేసినానని జెప్పినావా అక్కా? నేనెప్పుడన్నా? నేనామాటే అనలే గదా!"

ఆ చూపు ఇప్పటికీ నన్ను వదలదు. నేను ఆ క్షణంలోనే నిజం చెప్పలేదు. "పొరపాటు పడ్డాను మేడమ్, తప్పుగా చెప్పాను. తలుపు దగ్గర పడుకుంటానని అంది, అంతే" అన్నాను.

టీచరు నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? "పడుకోవడానికీ తాళం వేయడానికీ అంత తేడా తెలియదా సిస్టర్ నీకు? మీరిద్దరూ ఒక దేశం వాళ్ళు, అందుకే కప్పిపుచ్చుతున్నావు" అంది. అన్నదాంట్లో తప్పేముంది? కప్పిపుచ్చుతున్నాను నిజంగానే, కాకపోతే ఆ అమ్మాయిని కాదు.

డాక్టరమ్మ ఇంతసేపూ నన్నే చూస్తోంది. మెల్లగా అడిగింది, "సిస్టర్, లోపలి నుంచి 'ఆయన' అంటాడని చెప్పావు. ఇక్కడున్నది ఆవిడ కదా. ఆయన ఎవరు?"

కుర్చీ వెనక భాగం పట్టుకున్నాను. "మా వారు" అన్నాను. "ఈ అమ్మాయి తాళం మాట ఎత్తనేలేదు. తాళం వేసేది నేను. మా వారికి నడుం నొప్పి లేదు డాక్టర్. ఈ జబ్బే."

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"ఇంట్లో."

"తాళం వేసే వచ్చావా?"

వేసే వచ్చానని చెప్పాను. పక్కన ఎవరో అరబ్బీలో దేవుణ్ణి తలుచుకున్నారు. తర్వాత నేను అదే సంగతి తెలుగులో ఆ అమ్మాయికి చెప్పాను. క్షమించమని కూడా అడిగాను. ఆమె కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. ముసలావిడ ఏమీ ఎరగనట్టు ఆమె చెయ్యి మళ్ళీ తన ఒళ్ళోకి లాక్కుంది.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "ముందు వెళ్ళి తలుపు తియ్యి" అంది. టాక్సీ కోసం బయటికి నడుస్తుంటే టీచరు వెనకాలే వచ్చి కారు తాళాలు తీసింది. "ఎక్కు. నేను దింపుతాను" అంది, నా ముఖం చూడకుండా. ముందు సీట్లో నేను, వెనక సీట్లో ముసలావిడ, కడప అమ్మాయి. అల్ ఖువైర్ దాకా ముసలావిడ మధ్యమధ్యలో ఇంటికేనా వెళ్తున్నాం అని అడిగేది. ఆ అమ్మాయి ప్రతిసారీ అవునని చెప్పేది. అలాంటప్పుడు ఆయన మీద నేను ఎన్నిసార్లు అరిచానో గుర్తొచ్చి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

తలుపు తీసేసరికి ఆయన కంపెనీ చొక్కా వేసుకుని, సేఫ్టీ షూస్ తొడుక్కుని, సోఫా అంచున కూర్చుని ఉన్నారు. ఏమీ జరగలేదు. ఏమీ జరగనందుకు ఊపిరి పీల్చుకుంటూనే, ఇన్నాళ్ళూ ఇలాగే కూర్చుని ఉండేవారా అనిపించింది. ఒకసారి కూడా నేను అడగలేదు, పొద్దుటి నుంచీ ఏం చేశారని.

నా వెనక మనుషుల్ని చూసి ఆయన లేచి నిలబడ్డారు. "చుట్టాలొచ్చారు, నిలబెట్టేశావేంటి? టీ పెట్టు" అన్నారు.

టీచరు ఒక్క నిమిషం తటపటాయించి, చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. ముసలావిడ తిన్నగా వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. ఆవిడ అరబ్బీలో ఏదో అడిగింది. ఆయన తెలుగులో, "వస్తుందమ్మా, ఇంకాసేపట్లో వస్తుంది బస్సు" అన్నారు. ఆవిడ సరేనన్నట్టు తలూపింది. అలా వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి హ్యాండ్‌బ్యాగులోంచి రెగ్యులేటర్ తీసి సిలిండర్‌కి బిగించాను. వెనకే వచ్చిన కడప అమ్మాయి అది చూసింది. కోపంగా ఉందనుకున్నాను. కోపమే, కానీ గొంతు పెంచలేదు.

"నీ కష్టం నాకర్థమైతాదక్కా. కానీ నా నోట్లో పెడితివే ఆ మాట. మామా నన్ను ఇయ్యాలే ఊరికి తోలేసుంటే? ఊర్లో నా బిడ్డలు నా మీదనే ఆధారపడుండారు. నువ్వు నర్సువి, నీ మాట నమ్ముతారు. నా మాట ఎవురు నమ్ముతారు?"

నేను టీ వడగట్టాను. టీ గ్లాసులు ఆమే పట్టుకెళ్ళింది.

టీ తాగాక టీచరు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి తొందరపడ్డానని చెప్పింది. తర్వాత నాతో, "నేను స్కూల్లో ఉన్నప్పుడు అమ్మకి ఏమవుతోందోనని రోజూ భయపడతాను సిస్టర్. అందుకే అంత త్వరగా నమ్మేశాను" అంది. ఆమె భయాన్ని కూడా నేను వాడుకున్నట్టే అనిపించింది.

అంతటితో అయిపోలేదు. ఆ హాల్లో ఉన్నవాళ్ళు బయట ఎలా చెప్పుకున్నారో ఏమో, పనమ్మాయి ముసలావిడని లోపల పెట్టి తాళం వేస్తోందట అన్న సగం మాట టీచరు అన్నగారి చెవిన పడింది. చెల్లెలు ఎంత చెప్పినా ఆయన అనుమానం పోలేదు. వేళగాని వేళల్లో ఇంటికొచ్చి తలుపులు చూసేవాడట. ఈ సంగతి టీచరే నాకు చెప్పింది. మర్నాడే వాళ్ళింటికి వెళ్ళాను. గేటు దగ్గరే నిలబడి, ఆ అన్నగారికి నాకొచ్చిన అరబ్బీలో జరిగిందంతా చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నాడు. "మంచిది సిస్టర్" అని తలుపు వేసుకున్నాడు. నమ్మాడో లేదో తెలియదు.

డాక్టరమ్మ ఆ సమావేశంలో అందరూ అడిగిన వాటిని పైవాళ్ళకి చెప్పింది. పెద్దగా ఏమీ రాలేదు. కానీ గురువారం పొద్దున పూట ఆ హాలు వాడుకోవడానికి ఒప్పుకున్నారు. చూసుకునేవాళ్ళు పెద్దవాళ్ళని తీసుకొచ్చి కూర్చోబెట్టి, కాసేపు బయటికి వెళ్ళి పని చూసుకోవచ్చు, లేదా అక్కడే ఒక మూల నిద్రపోవచ్చు. చాలామంది నిద్రపోయేవాళ్ళు. మా వారిని కూడా తీసుకెళ్ళేదాన్ని. డాక్టరమ్మ ఆయనకు ఖాళీ మందుల పెట్టెలు సర్దే పని ఇచ్చింది. తప్పుగా సర్దేవారు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. మిగతా రోజుల్లో మా కింది అంతస్తులో ఉండే మలయాళీ కుటుంబం చూసేది. నేను అడిగింది ఒక్కసారి, వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. ఒక్కసారి అడగడానికి నాకు అన్ని నెలలు పట్టింది.

కడప అమ్మాయి కూడా హబ్బూబాతో వచ్చేది. నాతో మాట్లాడేది, ఆయన బాగోగులు అడిగేది. కానీ ఒకసారి డాక్టరమ్మ ఏదో అడగబోయి నన్ను పిలిస్తే, "నువ్వొద్దులే అక్కా, డాక్టరమ్మకు నాకొచ్చిన అరబ్బీలోనే జెప్తా" అంది నాతో. తడుముకుంటూ, చేతులు తిప్పుతూ తనే చెప్పుకుంది. డాక్టరమ్మకి సగమే అర్థమై ఉంటుంది. నేను పక్కనే నిలబడి మొత్తం విన్నాను, నోరు విప్పలేదు.

కంపెనీకి నేనే వెళ్ళి నిజం చెప్పాను. వాళ్ళు కాంట్రాక్టు ముగిసేదాకా ఉండనిచ్చారు. మేనేజరు ఆయన్ని చివరిసారి స్టోర్‌కి తీసుకెళ్ళి అరలన్నీ చూపించాడు. ఆయన ఒక్కొక్క అరనీ చేత్తో తాకి బయటికొచ్చారు. నేను ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. తర్వాతి ఏడు ఇద్దరం నరసాపురం వచ్చేశాం. ఆ తర్వాత ఆయన మూడేళ్ళు బతికారు. నేను దగ్గరే ఉన్నాను. చివరి రోజుల్లో నన్ను గుర్తుపట్టేవారు కాదు, కానీ నేను విసుక్కుంటే మాత్రం తెలిసేది, ముఖం పక్కకు తిప్పుకునేవారు. అంత తెలిసీ విసుక్కున్న రోజులున్నాయి.

ఒమన్ నుంచి బయలుదేరే ముందు టీచరింటికి వెళ్ళాను. అప్పటికి హబ్బూబా పోయి నెల కావస్తోంది. టీచరు ఆ అమ్మాయిని ఊరికి పంపలేదు, తన చిన్నపిల్లల్ని చూసుకోవడానికి ఉంచుకుంది. మంచిదే జరిగిందని నాకు నేనే చెప్పుకున్నాను.

గేటు దాకా సాగనంపడానికి ఆమె ఒక్కతే వచ్చింది.

"అన్నను బాగా చూసుకో అక్కా" అంది. "నువ్వు కావాలని చెయ్యలేదని నాకెరుకే. కానీ ఆ పొద్దు హాల్లో అందురూ నా తట్టు జూస్తా వుంటే, అంత భయం నా జన్మలో పడలేదు."

నేను తలూపాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.